ఆగిపోతే నయమే!

మొన్న ఎండాకాలంలో ఒకరోజు తెల్లవారుఝామున నాలుగున్నరకి మెలకువ వచ్చింది. ఆ వేళప్పుడు మా ఇంట్లో వినిపించే చప్పుడు ఒక్కటే – మా వారి గురక. దానికి నేను ఇరవై ఆరేళ్ళుగా అలవాటుపడ్డాను కనక అది చప్పుడు కింద లెక్క కాదు. ఆ రోజు ఇంకొకటి వినిపించింది. రెండు వీధులవతల పిండిమర ఆడుతున్నట్టు, ఆగకుండా, ఒకే శ్రుతిలో.

లేచి చూద్దును కదా, మావాడి గదిలో లైటు! వాడు కుర్చీలో మోకాళ్ళు ముడుచుకు కూర్చుని కంప్యూటరు వంక చూస్తున్నాడు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న పిల్లాడి పక్కన తల్లి కూర్చోదూ, అచ్చం అలా. తెరమీద సినిమా లేదు, ఆట లేదు. అన్నీ అంకెలు.

"ఏం చేస్తోందిరా అది?"

"లెక్కలు చేస్తోంది."

"ఎవరి లెక్కలు?"

"ఎవరివీ కాదమ్మా. ఎక్కడన్నా తప్పు చేస్తుందేమోనని చూస్తున్నా."

రాత్రి పదకొండింటి నుంచీ చూస్తున్నాడట. వచ్చే నెల కరెంటు బిల్లు నా కళ్ళముందు కదలాడింది. ఆ పరీక్ష పేరేమిటని అడిగాను. టార్చర్ టెస్టు అన్నాడు. చిత్రహింస! అంతకంటే మంచి పేరు దొరకలేదట్రా అంటే, "పేరు నేను పెట్టానా?" అని విసుక్కున్నాడు.

నేను బి.ఏ. చదివినదాన్ని. కంప్యూటరుతో నాకు మొదటి పరిచయం 1998లో, గుంటూరులో, మూడు నెలల కోర్సు. ఆ ఇన్‌స్టిట్యూటులో అప్పటికే పాతబడ్డ యంత్రాలుండేవి. వాటి ముఖాన 'టర్బో' అని ఒక బటను. అది నొక్కితే యంత్రం పరుగెత్తుతుందని మేం ఆడపిల్లలం పోటీలుపడి నొక్కేవాళ్ళం. చాలాకాలానికి తెలిసింది, ఆ బటను పెట్టింది వేగం పెంచడానికి కాదట, తగ్గించడానికి! అంతకుముందు రోజుల్లో నెమ్మది యంత్రాల కోసం రాసిన ఆటలు కొత్తవాటిలో పిచ్చిపరుగు పెడుతూంటే, కాస్త నిదానించమని చెప్పడానికి ఆ ఏర్పాటు. నెమ్మదిగా వెళ్ళమనే బటనుకి టర్బో అని పేరు పెట్టి అమ్మారు చూశారా, ఆ వ్యాపారస్తుడెవరో మనుషుల్ని బాగా చదివినవాడే.

మావాడు చేస్తున్న పనిని ఓవర్‌క్లాకింగ్ అంటారు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వీడియోలు కూర్చి నాలుగు డబ్బులు సంపాదిస్తానని, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సి.టి.సి. అని అందరూ పిలిచే ఆ కాంప్లెక్సులో నాలుగు షాపులు తిరిగి, ఒక పాత ప్రాసెసరు బేరమాడి తెచ్చుకున్నాడు. రైజెన్ 5 2600 – 2018లో వచ్చిన రకం. కంప్యూటరు మొత్తానికి మెదడూ గుండే కూడా ఆ అగ్గిపెట్టెడు బిళ్ళేనట. దానికి కంపెనీవాళ్ళు చెప్పిన వేగం 3.4 గిగాహెర్ట్జ్. అవసరమొస్తే కాసేపు ఒక కోరు 3.9 దాకా వెళ్ళి రాగలదు. వీడు డిసెంబరులో దాని ఆరు కోర్లనీ ఎప్పుడూ 4.1లోనే నడిచేట్టు చేశాడు. అంటే సెకనుకి 410 కోట్ల దెబ్బలు.

దెబ్బలంటే నాకు అర్థం కాలేదు. "కోలాటం చూశావుగా" అన్నాడు. కోలాటంలో పాట పాడేవాడు తాళం వేస్తాడు. ప్రతి తాళానికీ ఒక కర్ర కొట్టి, తిరిగి, పక్కవాళ్ళ కర్ర అందుకోవాలి. తాళం పెంచితే ఆట రక్తి కడుతుంది. ఇంకా పెంచితే? ఎక్కడో ఒకమ్మాయి పూర్తిగా తిరిగేలోపల తర్వాతి దెబ్బ పడుతుంది. ఆమె కర్ర గాలిని కొడుతుంది. పాట మాత్రం ఆగదు, ఆటా ఆగదు. ప్రాసెసరులో ఉన్నవాళ్ళు కోట్ల కొద్దీ అమ్మాయిలు. వాళ్ళు చురుగ్గా తిరగాలంటే ఇంకాస్త కరెంటు తాగించాలి, అంటే వోల్టేజి పెంచాలి. అది పెంచితే వేడి.

ఆ వేడి లెక్క నాకు నోటికి వచ్చేసింది, ఎందుకంటే అది చాలా అన్యాయంగా అనిపించింది. ఖర్చయ్యే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజితో మాత్రం వర్గంలా పెరుగుతుంది. వీడి యంత్రం అంతకుముందు అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు 1.2 వోల్టుల మీద 3.7 దగ్గర నడిచేది. 4.1కి వెళ్ళడానికి 1.35 వోల్టులు పెట్టాడు. కూడికలు చేస్తే తేలిందేమిటయ్యా అంటే, పదకొండు శాతం వేగానికి నలభై శాతం ఎక్కువ వేడి! కూరగాయల బండివాడు ఇలాంటి బేరం చెబితే మనం చెంగు దులుపుకుని పక్కబండికి వెళ్ళిపోతాం.

వాడు మరీ తెగించి చేశాడని అనుకోకండి. జాగ్రత్తపరుడే. ముందు దుమ్మంతా దులిపాడు. ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాశాడు. దాంతో వచ్చిన చిన్న ఫ్యాను చాలదని, నా అరచేయంత పొడవున్న రేకుల దొంతరతో పెద్ద కూలరు కొన్నాడు. ఏమీ పెంచకముందే ఒకసారి పరీక్ష పెట్టి, అసలు ఆరోగ్యం ఎలా ఉందో రాసుకున్నాడు. ఒకేసారి ఒక్కటే మార్చడం. మార్చిన ప్రతిసారీ వేగం ఎంత, వోల్టేజి ఎంత, వేడి ఎంత – ఒక నోటుపుస్తకంలో కాలాలు గీసి మరీ రాశాడు. వోల్టేజి సంగతి మదర్‌బోర్డుకి 'ఆటో' అని వదిలేస్తే అది అవసరానికి మించి ఇచ్చేస్తుందట, అందుకని తనే పట్టుకున్నాడు. 95 డిగ్రీలు ఆ బిళ్ళకి గరిష్ఠం కనక తన హద్దు 80 అని గీత గీసుకున్నాడు. అసలు యంత్రమే లేవకపోతే మదర్‌బోర్డు మీది బొట్టుబిళ్ళంత బ్యాటరీ తీసి పెట్టి పాత సంగతులన్నీ మరిపించడం కూడా నేర్చుకుని ఉంచాడు. ఇలా చేసి పాడుచేసుకుంటే వారంటీ వర్తించదని తెలుసు. పాతది కొన్నాడు కనక ఆ బెంగా లేదు.

మా వారికి ఇదంతా నచ్చలేదు. "తయారుచేసినవాడికి తెలీదుట్రా అదెంత మొయ్యగలదో? వాడు 3.4 అన్నాడంటే 3.4" అన్నారు.

"వాడు చెప్పేది అన్నిట్లోకీ బలహీనమైనదానికి, అన్నిట్లోకీ వేడి ఊళ్ళో, ఏళ్ళ తరబడి, దుమ్ములో పనిచేసినా సరిపోయే లెక్క నాన్నా. ఒకే పళ్ళెంలోంచి కోసిన బిళ్ళల్లో కూడా ఏ రెండూ ఒక్కలా ఉండవు. పరీక్షించి, గట్టివాటికి ఒక పేరూ మెత్తవాటికి ఒక పేరూ పెట్టి అమ్ముతారు. ఒక్కోసారి గట్టివి ఎక్కువైపోతే వాటికీ మెత్తవాటి పేరే పెడతారు."

దానికి వాడు చెప్పిన ఉదాహరణ బాగుంది. 1998లో ఇంటెల్‌వాళ్ళు సెలెరాన్ 300ఎ అని చౌకరకం ఒకటి తెచ్చారు. 300 మెగాహెర్ట్జ్‌ది. కుర్రాళ్ళు దాని బస్సు వేగం 66 నుంచి 100కి మార్చారు, అంతే, అది 450లో శుభ్రంగా నడిచింది. ఎన్నో రెట్లు ఖరీదు పెట్టి కొన్న పెంటియం 2 పక్కన దీటుగా నిలబడింది. నేను టర్బో బటను నొక్కుతున్న సంవత్సరమే అది జరిగిందని తెలిసి నాకు కాస్త చిన్నతనం వేసింది.

అలాగని కంపెనీలు ఇప్పటికీ అంత మిగులు వదులుతున్నాయనుకోవద్దు. 2008లో ఇంటెల్‌వాళ్ళు టర్బో బూస్ట్ తెచ్చాక బిళ్ళ తన వేడి తనే చూసుకుంటూ వేగం తనే పెంచుకోవడం మొదలైంది. ఏటేటా ఆ మిగులుని ఫ్యాక్టరీలోనే పిండేస్తూ వచ్చారు. చివరికి 2024లో ఏమైందో తెలుసా? ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని, ఎవరూ ఏమీ పెంచకుండానే తడబడటం మొదలెట్టాయి. వాటిలోని సూచనలే అవసరానికి మించిన వోల్టేజి అడుగుతున్నాయని కంపెనీయే ఒప్పుకుని, వాటిని సవరించి, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. తయారుచేసినవాడికి తెలుసు అన్న మా వారి మాటా పూర్తిగా నిలవలేదు, ఇంకా మిగిలే ఉంది అన్న మావాడి మాటా నిలవలేదు. ఇద్దరూ నా వంక చూశారు. నాకు కుక్కరు కూత పెట్టింది, లోపలికి వెళ్ళాను.

సరే, డిసెంబరులో అన్నీ బాగున్నాయి కదా, మరి ఎండాకాలంలో ఈ జాగారమెందుకు?

దానికి కారణం మా అత్తయ్య ఫోటో.

ఉగాది సెలవుల్లో బీరువాలోని పాత ఆల్బమ్‌లన్నీ వాడిచేత స్కాను చేయించాను. మూడువందల నలభై ఫోటోలు. వాటిని ఒక్క ఫైలుగా కుదించి దాచి, చోటు చాలదని స్కాన్లు చెరిపేశాడు. రెండు వారాల తర్వాత మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోను చేసి, నానమ్మ మంచం మీద కూర్చుని నవ్వుతున్న ఫోటో పంపమంది. తెరిస్తే పదకొండు ఫోటోలు పాడయిపోయి వచ్చాయి. అందులో అదొకటి. పైసగం అత్తయ్య నవ్వు ఉంది. మెడ దగ్గర్నుంచి కిందికంతా బూడిదరంగు.

ఆ రోజు కంప్యూటరు ఆగిపోలేదు. నీలం తెర రాలేదు. కిర్రుమనలేదు. కుదించడం పూర్తయిందని చెప్పింది, వీడు నమ్మాడు. చలికాలంలో గంటసేపు పరీక్ష పెట్టి పాసయిందని వదిలేశాడు. మార్చి ఆఖరుకి హైదరాబాదులో గది వేడి పది, పన్నెండు డిగ్రీలు పెరిగింది. గది ఎంత పెరిగితే లోపలా ఇంచుమించు అంతే పెరుగుతుంది. డిసెంబరులో అంచున నిలబడింది మార్చిలో జారింది. రోహిణికార్తెలో రోళ్ళే పగిలే ఊళ్ళో, ఈ బిళ్ళెంత!

అందుకని ఆ రాత్రి చిత్రహింస. ఆ ప్రోగ్రాము పేరు ప్రైమ్95. పుట్టింది హింసించడానికి కాదు లెండి. 1996 నుంచీ దేశదేశాల ఔత్సాహికులు తమ కంప్యూటర్లలో దాన్ని నడిపిస్తూ పెద్దపెద్ద ప్రధానసంఖ్యల్ని వెతుకుతున్నారు. 2024 అక్టోబరులో ఆ బృందానికి దొరికిన సంఖ్యలో నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలున్నాయి. ఎందుకు పనికొస్తుందని మీరూ అడక్కండి, నేను అడిగి మాట పడ్డాను. జవాబు ముందే తెలిసిన లెక్కల్ని యంత్రానికి ఇచ్చి, గంటల తరబడి చేయించి, ఒక్క అంకె తేడా వచ్చినా ఆ కోరుని అక్కడికక్కడే ఆపేస్తుంది ఆ పరీక్ష.

చివరికి ఆరో కోరు తప్పు చెప్పింది. మావాడి మొహం వెలిగిపోయింది.

"తప్పు చేస్తే సంతోషమేమిట్రా?"

"దొరికిందిగా! ఆగిపోతే నయమే అమ్మా. ఆగిపోతే మనకి తెలుస్తుంది. ఆగకుండా తప్పు చేసుకుంటూ పోతుందే, దాంతోనే చిక్కు."

వాడు మామూలుగా అన్నాడు. నేను కాఫీ పెడదామని వంటింట్లోకి వెళ్ళి, స్టౌ వెలిగించకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాను.

2013 నాకు బాగా జ్ఞాపకం. ఆ సంవత్సరం నా సీరియల్ ఒకటి వారంవారం వస్తోంది. పగలు ఆఫీసు. అత్తయ్య స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగి, ఆపరేషను అయి, మంచానికి పరిమితమయ్యారు. అమ్మాయికి పన్నెండేళ్ళు, వీడికి ఎనిమిది. మా వారికి ఆ ఏడే ఊళ్ళు తిరిగే ఉద్యోగం. తెల్లారి నాలుగింటికి లేచేదాన్ని, రాత్రి ఒంటిగంటకి పడుకునేదాన్ని. ఇరుగుపొరుగువాళ్ళు, చుట్టాలు, ఆఫీసువాళ్ళు, అందరిదీ ఒకటే మాట – "ఎలా నెట్టుకొస్తున్నావమ్మా, నువ్వు అష్టావధానివి!" నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు టానిక్కులా పనిచేసేది. ఒక్క వారం కూడా సీరియల్ ఆగలేదు. ఒక్కపూట కూడా అత్తయ్యకి మందు తప్పలేదు. నాకు ఒక్క జ్వరమైనా రాలేదు. దాన్ని గర్వంగా చెప్పుకునేదాన్ని కూడా.

తప్పులు రాలేదా అంటే వచ్చాయి. ఏడో వారంలో చచ్చిపోయిన ఒక మేనమామ పదిహేనో వారంలో వచ్చి, వరండాలో కూర్చుని, కాఫీ తాగి వెళ్ళాడు. పాఠకులు ఊరుకుంటారా? ఉత్తరాల మీద ఉత్తరాలు. ఒకావిడ, "మీ మేనమామగారికి కాఫీలో చక్కెర సరిపోయిందా?" అని రాసింది. ఎడిటరుగారు నవ్వుతూనే చీవాట్లు పెట్టారు. మర్నాటి నుంచి ఒక కాగితం మీద బతికున్నవాళ్ళ జాబితా రాసి పెట్టుకున్నాను. ఆ తప్పు దొరికింది, సరిపోయింది.

ఇంకొకటుంది. ఒక ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున్న పంపవలసిన భాగం రాస్తున్నాను. అమ్మాయి వచ్చి కర్టెను పట్టుకుని నిలబడింది. "అమ్మా..." అంది. "తర్వాత చెప్పు తల్లీ, పొద్దున్నకల్లా ఇది అయిపోవాలి" అన్నాను. తల ఎత్తలేదు. అది కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నేను నా భాగం పూర్తిచేశాను. ఆ వారం భాగంలో ఏముందో తెలుసా? కథానాయిక పొయ్యి మీది కూర మాడిపోతున్నా లెక్కచెయ్యక, కూతురు చెప్పేదంతా రెండు పేజీల పాటు వింటుంది! అంత చక్కటి తల్లిని చూడలేదని నాకు ఉత్తరాలొచ్చాయి.

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక అత్తయ్య మెల్లిగా చెప్పారు. "రాత్రి నీ కూతురు పెద్దమనిషయింది" అని. అంతే. దెప్పిపొడవలేదు, ఎక్కడున్నావని అడగలేదు. నేను అమ్మాయి గదిలోకి పరుగెత్తాను. అది హోంవర్కు చేసుకుంటోంది. "నానమ్మ చెప్పింది నాకన్నీ, ఏం ఫర్వాలేదమ్మా" అంది, తల ఎత్తకుండా.

ఈ తప్పు గురించి ఏ పాఠకురాలూ ఉత్తరం రాయలేదు.

ఈ వ్యాసం ఇక్కడ ఆపేస్తే చదివేవాళ్ళు, "చూశావా, అందుకే ఆడవాళ్ళు ఎంతవరకో అంతవరకే ఉండాలి" అనే ప్రమాదం ఉంది. అలా అనేవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకోసం మా అమ్మ సంగతి చెబుతాను.

మా అమ్మ 1971లో ఎస్.ఎస్.ఎల్.సి. ఫస్టుక్లాసులో పాసయింది. లెక్కల్లో స్కూలు మొత్తానికి మొదటిది. ఆ ఎండాకాలమే పెళ్ళయింది. ఇప్పటికీ మా వీధిలో ఎవరికి చక్రవడ్డీ కట్టాలన్నా అమ్మ దగ్గరికి వస్తారు. వాళ్ళు ఫోను తీసి నొక్కేలోపల ఆవిడ పైసలతో సహా చెప్పేస్తుంది. కొన్ని ప్రాసెసర్లుంటాయట, వేగం పెంచే వీలు లేకుండా తాళం వేసి అమ్ముతారు. లోపల సత్తా ఉన్నా పైకి రానివ్వరు. మావాడు ఆ మాట చెబుతూంటే నాకు అమ్మే కనిపించింది. ఒకసారి చనువు కొద్దీ, "నీ జీవితం ప్రశాంతంగా గడిచిందే అమ్మా, మాలా పరుగులు లేవు, శక్తంతా మిగుల్చుకున్నావు" అన్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "మిగుల్చుకోవడమేమిటే, ఖర్చుపెట్టనిచ్చిందెవరు?" అంది.

ఆ తర్వాత నేను మిగులు గురించి ఎవరికీ నీతులు చెప్పలేదు. వాడనిదంతా వృథా అని మావాడు అంటే కాదనలేను, ఎందుకంటే మా అమ్మ ఉంది. నేను కూడా నాలుగింటికి లేవకపోతే నవలారచయిత్రిని అయ్యేదాన్ని కాదు. ఆ తెల్లవారుఝాములు నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే లాక్కున్నాను. వాటికి పశ్చాత్తాపపడమంటే పడను.

నాకు తెలియనిదల్లా మావాడి దగ్గరున్న ఆ నోటుపుస్తకం. ఒకేసారి ఒక్కటే పెంచడం, పెంచాక ఆగి చూడటం, హద్దు ముందే గీసుకోవడం, గది వేడెక్కితే మళ్ళీ పరీక్ష పెట్టడం... ఒక పాత బిళ్ళకి చేసే ఈ మర్యాద మనకి మనం చేసుకుంటామా? మనం ఒకేసారి నాలుగు పెంచుతాం – ఉద్యోగం, ఇల్లు, జబ్బు మనిషి, పిల్లల చదువు. పడిపోలేదు కదా అంటాం. పడిపోకపోవడమే పరీక్ష పాసవడం అనుకుంటాం. పిల్లల్ని తెల్లారి అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా ర్యాంకుల కోసం కూర్చోబెట్టేవాళ్ళ సంగతి ఎత్తితే ఈ వ్యాసం ఇంకోదారి పడుతుంది కనక ఎత్తను. ఒక్కమాట: బిళ్ళ వేగం పెంచేవాడు వేరు, వేడెక్కేది వేరు. వాళ్ళకీ అంతే.

2022 చివర్లో ఒక ప్రాసెసరుని మొట్టమొదటిసారి 9 గిగాహెర్ట్జ్ దాటించారట. ద్రవ హీలియం, అంటే సున్నాకి కింద 269 డిగ్రీల చలి, దాని నెత్తిన పోస్తూ! "ఆ వేగంతో ఏం పని చేసిందిరా?" అంటే మావాడు తలగోక్కున్నాడు. పనేమీ లేదు, రికార్డు కోసం కాసేపు నిలబడిందట. పేపర్లో మొదటి పేజీ నిండా ఫోటోలేసి ప్రకటించే ర్యాంకులు గుర్తొచ్చాయి నాకు. అయ్యో, ఎత్తనన్నాను కదూ.

వేడి ఎక్కువైతే ఇప్పటి ప్రాసెసర్లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, మరీ మించితే ఆరిపోతాయి. అందుచేత ఒక్క రాత్రిలో కాలి బూడిదయ్యే భయం తక్కువ. అసలు నష్టం నిదానంగా జరుగుతుంది. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి లోహపు తీగల్లో, ఎక్కువ కరెంటూ ఎక్కువ వేడీ కలిసి, లోహపు రేణువుల్నే కొంచెం కొంచెంగా నెట్టుకుపోతాయట. ఏటి ఒడ్డు కోసుకుపోయినట్టు. ఈ ఏడు 1.35తో నిలబడ్డ వేగానికి కొన్నేళ్ళకి 1.38 కావాలి. మనం మాత్రం "ముందు బానే చేసేదే, ఇప్పుడేం వచ్చింది?" అంటాం. నేను ప్రాసెసరు గురించే చెబుతున్నాను.

ఆ పొద్దున్న మావాడు కాఫీ తాగి, పుస్తకంలో గీత కొట్టి, వేగం 3.9కి దించాడు. వోల్టేజి కూడా తగ్గించాడు. రెండు రాత్రులు పరీక్ష పెట్టాడు. ఒక్క తప్పూ రాలేదు. 4.1కీ 3.9కీ వీడియో పనిలో తేడా ఎంతరా అంటే, గంట పనికి మూడు నిమిషాలన్నాడు.

ఫోటోలకేం, అసలువి బీరువాలోనే ఉన్నాయి కనక ఆ పదకొండూ మళ్ళీ స్కాను చేశాడు. అత్తయ్య ఫోటో అమ్మాయికి నేనే పంపాను. 2013లో మా మరిది తీసి, కడిగించి ఇచ్చినది అది. మంచం మీద దిండ్లకి ఆనుకుని, పళ్ళు లేని నోటితో, కళ్ళు చిన్నవి చేసుకుని నవ్వుతూంటారు. 2015లో పోయారు. మంచాన పడ్డాక ఆవిడ తరచూ అనేవారు – "ఎందుకూ కొరగాకుండా పడి ఉన్నాను, నీకు బరువు తప్ప" అని. నేను కాదనేదాన్ని, కానీ తీరిగ్గా కూర్చుని ఎప్పుడూ కాదనలేదు.

ఫోటో అందగానే అమ్మాయి ఫోను చేసింది. పన్నెండేళ్ళుగా అడగలేనిది అడిగేశాను. "ఆ రోజు... నేను రాసుకుంటూ నీ మాట వినలేదు. జ్ఞాపకం ఉందా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. నేను ఏదో అంటుందని గుండె చిక్కబట్టుకుని ఉన్నాను, అది నవ్వింది.

"భయమేసి నానమ్మ దగ్గరికి వెళ్ళానమ్మా. నన్ను చూడగానే కనిపెట్టేసింది. ఆ తుంటినొప్పితోనే పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. తలాపున ఉన్న పాత నేతచీర చింపి ఇచ్చి, ఎలాగో చెప్పింది. తర్వాత తన కథ మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఆవిణ్ణి చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపిస్తే, ఎక్కువ తిని కడుపునొప్పితో ఏడ్చిందిట, వాళ్ళమ్మ ఇంకేదో అనుకుని కంగారుపడిందిట! మేమిద్దరం దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాం, నీకు వినిపిస్తే తిడతావని."

"నాకు వినిపించనే లేదు" అన్నాను.

"తెలుసు. తలుపు సందులోంచి నీ లైటు కనిపిస్తూనే ఉంది. అది ఆరిపోయేదాకా నానమ్మ నాకు కథలు చెబుతూనే ఉంది."